చుక్క పెట్టని అతుకు

మా పెద్దమ్మ ఆ ఒక్క అతుకుకు ఎర్ర చుక్క ఎందుకు పెట్టలేదు? ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. వినేవాళ్లకు ఇది అసలు ప్రశ్నలాగే అనిపించదని నాకు తెలుసు. ఒక పాత కంప్యూటర్ బోర్డు, దాని మీద ఆవగింజంత సీసం బొట్టు, ఆ బొట్టు పక్కన ఉండాల్సిన గోళ్ల రంగు చుక్క లేదు. అంతే. జవాబు చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉండేది. పోయిన నెల ఒక పొద్దున, నాచారంలోని తన ఇంట్లో, నిద్రలోనే ఆమె వెళ్లిపోయింది.

నేను పాఠం చెప్పడానికి కాలేజీకి బయలుదేరి ఉప్పల్ మెట్రో మెట్లు ఎక్కుతున్నాను. పెద్దనాయన ఫోన్. ఆయన పొద్దున పూట ఎప్పుడూ చేయడు.

"బిడ్డా, మీ పెద్దమ్మను లేపుతున్న. లేస్తలేదు," అన్నాడు. నేను ఏదో అడిగేలోపే, "చాయ్ సల్లగైతున్నది," అన్నాడు. ఆ రెండో మాటతో నాకు అర్థమైంది.

వెనక్కి దిగి ఆటో ఎక్కాను. నేను వెళ్లేసరికి పక్కింటివాళ్లు వచ్చి గదిలో కుర్చీలు తీసేస్తున్నారు. పెద్దమ్మ ఎప్పటిలాగే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె చెయ్యి పట్టుకుందామని మంచం దగ్గరికి పోయాను. కానీ నా చెయ్యి ముందు కిటికీ ఊచల మీదికి పోయింది. చల్లటి ఇనుమును ఒకసారి ముట్టుకుని, ఆ తర్వాతే ఆమెను ముట్టుకున్నాను. ఎవరూ గమనించలేదు. పెద్దనాయన మాత్రం చూశాడు, తల దించుకున్నాడు.

ఆ అలవాటు ఆమె నేర్పిందే. ఏ బోర్డునైనా ముట్టుకునే ముందు ఇనుము ముట్టుకోవాలి. "ఒంట్లె కరెంటు ఉంటది బిడ్డా, మనకు తెల్వదు. ముందుగాల దాన్ని దించుకో. అటెనక దేన్నన్న ముట్టుకో," అనేది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరింది. మొదట్లో సీసం కరిగించి అతికే సోల్డరింగ్ పని, తర్వాత తనిఖీ. తయారైన బోర్డులు ఆమె టేబుల్ మీదికి వచ్చేవి. భూతద్దం బిగించిన దీపం కింద పెట్టి ఒక్కొక్క అతుకునూ చూసేది. తన మాటలో అతుకు అంటే టాంకా. బాగున్న టాంకా పక్కన చిన్న ఎర్ర చుక్క పెట్టేది. చుక్క ఉందంటే అది చూడబడింది, ఇక ఎవరూ ముట్టనక్కర్లేదు. చుక్క లేదంటే ఆ బోర్డు వెనక్కి పోయి, సరిచేయించుకుని, మళ్లీ ఆమె టేబుల్ మీదికి రావాలి.

ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. జీవితంలో ఒక్కసారి కూడా గోళ్లకు రంగు వేసుకోని మనిషి సొరుగులో ఎప్పుడూ ఒక ఎర్ర గోళ్ల రంగు సీసా ఉండేది. గ్యాస్ రెగ్యులేటర్ మీద చుక్క, సరిగ్గా బిగిసే పచ్చడి జాడీ మూత మీద చుక్క, ఫ్యాను స్విచ్చి పక్కన చుక్క. ఎవరైనా చుట్టాలు వచ్చి ఇదేమిటని అడిగితే పెద్దనాయనకు పండగ.

"పెండ్లినాడు నాక్కూడ బొట్టు పెట్టింది. గది పాసైనట్టా, ఫేలైనట్టా, ఇప్పటిదాక చెప్పలే," అనేవాడు.

వంటింట్లోంచి తిరిగి చూడకుండానే ఆమె, "తొందరేంది? ఇంక టెస్టింగ్ల ఉన్నవు," అనేది.

ఎమ్మెస్సీ చదవడానికి భువనగిరి నుంచి వచ్చి నేను వాళ్లింట్లోనే ఉన్నాను. వాళ్లకు పిల్లలు లేరు. పెద్దనాయన రైల్వేలో, మౌలాలిలో పని. డాబా ఎక్కితే మౌలాలి గుట్ట కనిపించేది. పొద్దున ఆయన అటు, ఆమె ఇటు వెళ్లిపోతే, ఇంట్లో నేనూ ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటరూ మిగిలేవాళ్లం. దాన్ని కంప్యూటర్ల బజారైన పార్క్‌లేన్‌లో కొని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాం. అప్పటికే అది పాతది.

నాది స్టాటిస్టిక్స్. ప్రాజెక్టు వానల మీద. ఎన్నో ఏళ్ల వానల లెక్కలు తీసుకుని, వాటిని కలిపి, మళ్లీ కలిపి, ఒకే లెక్కను వేలసార్లు చేయించాలి. ప్రోగ్రాం మా గైడ్ సార్ ఇచ్చింది. మధ్యలో ఆపి దాచుకునే వీలు అందులో లేదు. మొదలుపెడితే చివరిదాకా పోవాలి, లేదంటే మళ్లీ మొదటి నుంచి. యూనివర్సిటీ ల్యాబులో మనిషికి గంటసేపు ఇచ్చేవాళ్లు, దానికీ వరస. అందుకే ఇంట్లో నడిపేదాన్ని. ఆ ఎండాకాలం నాచారంలో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కరెంటు పోయేది. సాయంత్రం నుంచి రాత్రంతా ఎప్పుడు పోయి ఎప్పుడు వస్తుందో చెప్పలేం. పగటి రెండు కోతల మధ్య ఉన్న వ్యవధి నా లెక్కకు కొద్దిగా చాలేది కాదు. కొద్దిగానే. ప్రతి రోజూ అదే జరిగేది. లెక్క చివరికి వస్తుండగా టక్కుమని శబ్దం, నల్లటి తెర, ఆ తెరలో నా ముఖం.

ఒక సాయంత్రం పెద్దమ్మ డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను బ్యాగు సర్దుకుని కూర్చున్నాను. ప్రాజెక్టు ఇవ్వాల్సిన గడువు దగ్గరికొచ్చింది. ఇవ్వకపోతే ఆ ఏడు పోయినట్టే.

"ఇడిసిపెడుత పెద్దమ్మా. నాతోటి గాదు," అన్నాను.

ఆమె చెప్పులు కూడా విడవలేదు. "ఎంత తక్కువ పడుతున్నది?" అని అడిగింది.

"ఏది?"

"టైమే. ఎంత తక్కువ పడుతున్నది?"

"అర్ధగంట... ముప్పావుగంట అనుకో."

"గంతేనా," అంది. ఊరడించలేదు, చదువు గురించి ఏమీ చెప్పలేదు. కాళ్లు కడుక్కుని వచ్చి, ఊచలు ముట్టుకుని, కంప్యూటర్ డబ్బా తెరిచింది.

ఆమె ఆ రోజు నాకు చెప్పింది ఇప్పటికీ మా కాలేజీ పిల్లలకు అలాగే చెబుతుంటాను. బోర్డు మీద ఒక చిన్న చిప్పు ఉంటుంది, దానిది గడియారం పని. అది టిక్కు టిక్కుమని దరువు వేస్తుంటే, మిగతాదంతా ఆ దరువుకు అడుగులు వేస్తుంది. దరువు పెరిగితే నడక పెరుగుతుంది. ఆ బోర్డు మీద రెండు దరువులకే వీలుంది. పిన్నుల మీద ఒక చిన్న ప్లాస్టిక్ ముక్కను అటో ఇటో తొడిగి మార్చుకోవాలి. దాన్ని అందరూ జంపర్ అంటారు, పెద్దమ్మకు అది టోపీ. మా కంప్యూటర్ అప్పటికే ఆ రెంటిలో పెద్ద వేగం మీదే ఉంది.

ఆమె చిప్పు మీద నంబరు రాసుకుని పోయి, మర్నాడు కంపెనీలో డిజైన్ సెక్షన్ స్నేహితురాలి దగ్గర్నుంచి ఆ చిప్పు వివరాలున్న జిరాక్సు కాగితం ఒకటి తెచ్చింది. చాయ్ తాగుతూ చదివి, "ఇగో, దీనికి ఇంకో నడక గూడ వస్తది," అంది. "బోర్డు చేసినోడే దీని కాలు ఒకటి నేలకు, అంటే ఎర్తింగుకు, కట్టేసిండు. ఇప్పితే అయిపాయె."

"ఇప్పబోతే ఉన్నది గూడ పోతే?" అన్నాడు పెద్దనాయన.

"పోతే పోతది. ఉండి మాత్రం ఏం జేస్తది, పిల్ల దానిముంగట ఏడ్సుకుంట కూసుంటే?"

ఆదివారం మధ్యాహ్నం, కరెంటు వచ్చాక, పని మొదలైంది. గాజులు తీసి స్టీలు గ్లాసులో వేసింది. నా పని దీపం పట్టుకోవడం. గడియారం చిప్పుకు వెంట్రుకల్లాంటి కాళ్లు. వాటిలో ఒక కాలును వేడి చేస్తూ, కుట్టు సూదితో మెల్లగా పైకి లేపింది. ఆ కాలి నుంచి సన్నటి తీగ లాగి, ఒక పాడైపోయిన బోర్డులోంచి కోసి తెచ్చిన మూడు పిన్నులకు కలిపింది. ఆ పిన్నులను బోర్డు అంచున జిగురుతో నిలబెట్టింది. టోపీ ఎడమవైపు తొడిగితే పాత నడక, కుడివైపు తొడిగితే కొత్త నడక. పని చేస్తున్నంతసేపూ ఆమె కింది పెదవి పళ్ల కింద ఉంది. ఊపిరి బోర్డు మీద పడకుండా పక్కకు వదిలేది.

నేను టోపీని కుడివైపు పెట్టబోయాను. చెయ్యి పట్టుకుంది.

"ముందుగాల పాత నడక. మనం చెడగొట్టలే అని తెల్వాలె గద."

పాత నడకలో కంప్యూటర్ మామూలుగా లేచింది. ఆపి, టోపీ మార్చింది. తెర నల్లగా ఉండిపోయింది. గుమ్మంలో నిలబడ్డ పెద్దనాయన దగ్గాడు.

"దగ్గకు," అంది పెద్దమ్మ.

"దగ్గు గూడ నీ పర్మిషనేనా?"

ఆమె భూతద్దం తెచ్చుకుని అతుకులన్నీ చూసింది. కొత్త నడక వైపు పిన్ను దగ్గర ఒక అతుకు సరిగ్గా కరగలేదు. దాన్ని మళ్లీ వేడిచేసి వేసింది. ఈసారి తెర వెలిగింది. మొదట్లో వచ్చే అక్షరాల్లో వేగం అంకె మారి ఉంది. నేను అరిచాను. ఆమె అరవలేదు. ప్రాసెసర్ మీది లోహపు పలక మీద వేలు పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు ఉంది, పిల్లల నుదురు చూసినట్టు.

"ఉడుకున్నది. జ్వరం లేదు," అంది.

తర్వాత సొరుగులోంచి ఎర్ర రంగు సీసా తీసింది. భూతద్దంలోంచి చూసుకుంటూ తను వేసిన ఒక్కో అతుకు పక్కనా ఒక్కో చుక్క పెట్టింది. రెండోసారి వేసిన ఆ అతుకు దగ్గరికి వచ్చి ఆగింది. సీసా మూత బిగించింది.

"గదొక్కటి మర్సిపోయినవ్ పెద్దమ్మా," అన్నాను.

"ఉండనీ. జూద్దాం," అంది. గాజులు వేసుకుని వంటింట్లోకి పోయింది.

మర్నాడు ఆమె డ్యూటీకి పోతూ, "టోపీ దిక్కు పోకు. వేలు పెట్టి సూడు, గంతే," అని చెప్పి పోయింది. డబ్బా మూత తీసి టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి నేను చెమటలు కక్కుతూ కూర్చున్నాను. వేలు పెడుతూ, తీస్తూ. లెక్క పూర్తయింది. తెర మీద అంకెలు నిలబడ్డాయి. నేను వాటిని దాచుకుని, కాగితం మీద కూడా రాసుకుని, ఇంకా వాటినే చూస్తుండగా కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు మెల్లగా ఆగిపోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అంత సంతోషంగా కరెంటు పోవడం నేను మళ్లీ చూడలేదు.

సాయంత్రం గేటు దగ్గర్నుంచే, "ఒచ్చిందా?" అని అడిగింది. వచ్చిందన్నాను. మొహం వెలిగింది కానీ ఆగలేదు. "ఇప్పుడు టోపీ మార్సి, పాత నడకల కొంచెం నడిపియ్యి. రెండు తీర్ల ఒకటే రావాలె." నడిపించాం. లెక్కలో చిన్న భాగమే, అదే అంకె వచ్చింది. ప్రాజెక్టు ఇచ్చేశాక ల్యాబులో వీలు చూసుకుని మొత్తం లెక్కను కూడా నడిపాను. ఒక్క అంకె తేడా లేదు. పరుగున వచ్చి ఆమెకు చెప్పాను. ఇక ఆ అతుకుకు ఏ లోపం లేదని తేలిపోయింది కదా, ఇప్పుడు చుక్క పెడుతుందనుకున్నాను.

పెట్టలేదు.

అప్పుడే ఒక మాట అన్నది: "వేగం పెంచుడు పెద్ద పని గాదు బిడ్డా. ఎనకకొచ్చే తొవ్వ ఉంచుడే పని." అప్పుడు నేను టోపీ గురించే అంటుందనుకున్నాను. పాత నడకను అలాగే ఉంచాం కదా, దాని గురించి. ఇప్పుడు అంత ఖాయంగా చెప్పలేను.

ఉద్యోగం వచ్చి ఉప్పల్‌లో ఇల్లు తీసుకున్నప్పుడు ఆ కంప్యూటర్ నాతో తీసుకుపోయాను. కొన్ని నెలలకొకసారి అది మొరాయించేది. దాన్ని ఆటోలో వేసుకుని నాచారం పోయేదాన్ని. ఆమె ఊచలు ముట్టుకుని, డబ్బా తెరిచి, దుమ్ము ఊది, వేలు పెట్టి చూసేది. సాధారణంగా ఏమీ ఉండేది కాదు. అన్నం తిని, సాయంత్రందాకా కబుర్లు చెప్పుకుని వచ్చేదాన్ని. ఒకసారి పెద్దనాయన, "ఏందమ్మా, ఉప్పల్ల కంప్యూటర్ రిపేరోల్లే లేరా?" అని నవ్వాడు.

"సుక్క లేనిది తిరిగి తిరిగి నా టేబుల్ మీదికే రావాలె. రూలది," అంది పెద్దమ్మ. నవ్వుతూనే అంది. చపాతీ పిండి కలుపుతూ అంది. నేను అప్పుడు నవ్వాను, ఇంటికి వచ్చాక మాత్రం నవ్వలేకపోయాను. అంటే కావాలనే ఉంచిందా? నేను రావాలనా? లేక నేను అడుగుతూనే ఉన్నాను కాబట్టి ఆ పూటకు పుట్టిన హాస్యమా? సందేహాలను కొలవడమే నా వృత్తి. పిల్లలకు రోజూ అదే చెబుతాను, ఎంతవరకు నమ్మవచ్చో లెక్క కట్టండని. ఈ ఒక్క సంగతిని మాత్రం ఎలా లెక్క కట్టాలో తెలియలేదు.

ల్యాప్‌టాప్ వచ్చాక పాత కంప్యూటర్ డబ్బా తుక్కుకు పోయింది. బోర్డును మాత్రం ఆమె పాత తువ్వాలలో చుట్టి సజ్జ మీద పెట్టుకుంది. కంపెనీ మూతపడింది. ఆమె కళ్లకు పొరలు వచ్చాయి, ఆపరేషన్ అయింది. నేను ఆదివారాలు పోతూనే ఉన్నాను, ఇప్పుడు చేతుల్లో ఏమీ మోయకుండా.

మొన్నటి వానాకాలంలో ఒక ఆదివారం, బోర్డు దించమంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపింది. భూతద్దం పెట్టుకుని తన పనిని తానే చూసుకుంది, చాలాసేపు.

"మంచిగనే చేసిన గద," అంది.

"మస్తు చేసినవ్. గది తప్ప," అన్నాను.

"ఇంక గదే అడుగుతవా? నీకేమనిపిస్తది?"

"మర్సిపోయినవనిపిస్తది."

"అయితే మర్సిపోయిన్నే."

"లేదు, కావాలని ఇడిసిపెట్టినవనిపిస్తది."

"అయితే గట్లనే అనుకో."

"పెద్దమ్మా, నిజం చెప్పు."

ఆమె భూతద్దం పక్కన పెట్టి నా వైపు చూసింది. ఏదో చెప్పబోయిందనే నాకు ఇప్పటికీ నమ్మకం. కుక్కర్ కూత పెట్టింది. "పప్పు మాడుతది," అని లేచి పోయింది. నేను వెనకాలే పోయి అడగలేదు. వచ్చే ఆదివారం అడుగుదాం అనుకున్నాను. ఆ ఆదివారం వేరే మాటలు వచ్చాయి. ఆ తర్వాతి వారం కూడా.

దినాలు అయిపోయాక పెద్దనాయన తువ్వాల మూటను తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. పైన ఎర్ర రంగు సీసా కూడా ఉంది.

"నాకెందుకిది. నువ్వు తీస్కపో."

నేను మూట విప్పి ఆ అతుకు చూపించాను. ఆయనకు తెలిసిన సంగతే, అయినా అడిగాను.

"ఆ పొద్దు సీసల రంగు అయిపోయి ఉంటది," అన్నాడు. "లేకుంటే మర్సిపోయుంటది. నువ్వు దాన్ని మస్తు లోతుకు తీస్కపోతున్నవ్. నీకంటే ఎక్కువ నేను జూసిన ఆమెను. కూరల ఉప్పు రెండుసార్లు ఏసేది. తాళంచెవి ఫ్రిజ్జిల పెట్టి ఇల్లంత దేవులాడేది."

ఫ్యాను స్విచ్చి పక్కనున్న చుక్కను చూస్తున్నాడు.

"కంపెనీల మాత్రం ఒక్కటి గూడ మర్వలేదట," అన్నాడు. "గట్లని ఆమె చెప్పుకునేది. నిజమో అబద్ధమో."

నేను లేచాను. గేటు దాకా వచ్చాడు.

"నువ్వే పెట్టరాదు ఆ సుక్క? అయిపోతది గద," అన్నాడు. నేను గేటు గడియ తీస్తుండగా ఆయనే మళ్లీ అడిగాడు, "ఆదివారం వస్తవా మరి?"

వస్తానన్నాను. పోతున్నాను కూడా.

బోర్డు ఇప్పుడు ఉప్పల్‌లో మా ఇంట్లో, కిటికీ దగ్గర బల్ల మీద ఉంది. నిన్న సాయంత్రం ఊచలు ముట్టుకుని దాన్ని దగ్గరికి తీసుకున్నాను. ఎర్ర చుక్కలు కొంచెం నల్లబడ్డాయి. టోపీ ఎడమవైపు, పాత నడక మీద ఉంది. చివరిసారి అలా పెట్టింది ఆమే. చుక్క లేని ఆ అతుకు ఎండకు మెరుస్తోంది. సీసా మూత తిప్పి, కుంచె ముంచి తీసి, దాని మీదుగా పట్టుకున్నాను. చుక్క పెడితే ఆమె పని పూర్తవుతుంది. చూడబడింది, ఇక ఎవరూ ముట్టనక్కర్లేదు, ఎక్కడికీ తీసుకుపోనక్కర్లేదు. పెట్టకపోతే అది ఆమె టేబుల్ మీదికి తిరిగి పోవాల్సిన బోర్డుగానే ఉంటుంది. ఆ టేబుల్ లేదు.

అలా పట్టుకుని ఉండగానే కుంచె కొన మీద రంగు గట్టిపడింది. మూత బిగించాను. ఆమె మరిచిపోయిందో, కావాలని ఉంచిందో నాకు తెలియదు. చుక్క పెట్టాలో వద్దో కూడా నేను ఇంకా తేల్చుకోలేదు.